షియా నుంచి హాన్ దాకా: చైనా తొలి రాజవంశాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన చైనా గురించి ఎక్కడ మాట్లాడినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చి, కాలాన్ని బట్టి విభాగాలుగా పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లినా జవాబు అక్కడే పూర్తవుతుంది. ఒక్క పట్టింపు మాత్రం వదల్లేదు: తర్వాతి కాలపు గ్రంథాలు చెప్పింది వేరు, తవ్వకాల్లో చేతికి దొరికింది వేరు. ఆ రెంటినీ కలగాపులగం చేస్తే ఈ వంశాలు నిజంగా సాధించినదేమిటో కనిపించకుండా పోతుంది.

## మొదలుపెట్టే ముందు

ఏ వంశం తర్వాత ఏ వంశం వచ్చింది? తేదీలతో చెప్పండి.

సంప్రదాయం చెప్పే వరుస ఇది. షియా సుమారు క్రీ.పూ. 2070 నుంచి 1600 వరకు, షాంగ్ సుమారు 1600 నుంచి 1046 వరకు, ఝౌ 1046 నుంచి 256 వరకు, ఛిన్ 221 నుంచి 206 వరకు, హాన్ క్రీ.పూ. 202 నుంచి క్రీ.శ. 220 వరకు. కొన్ని పుస్తకాల్లో క్విన్ అని కనిపించేది ఈ ఛిన్ వంశమే. 256కూ 221కీ మధ్య ఖాళీ ఎందుకంటే, ఝౌ రాజు గద్దె దిగిపోయాక మిగిలిన రాజ్యాలన్నిటినీ గెలవడానికి ఛిన్‌కు మరో 35 ఏళ్లు పట్టింది.

ఒక్కో పుస్తకంలో ఒక్కో తేదీ ఉంటుంది. దేన్ని నమ్మాలి?

చైనా చరిత్రలో ఏడాదితో సహా లెక్క నికరంగా తేలేది క్రీ.పూ. 841 నుంచే. హాన్ కాలపు చరిత్రకారుడు సీమా ఛియన్ ఆ ఏడాది నుంచి సంవత్సరాల వారీగా పట్టిక ఇచ్చాడు. అంతకు ముందువన్నీ అంచనాలే. గ్రహణాల ప్రస్తావనలు, కంచు పాత్రల మీది శాసనాలు, రేడియోకార్బన్ పరీక్షలు కలిపి లెక్కగడతారు. 1996లో చైనా ప్రభుత్వం ఇందుకోసమే ఒక పెద్ద పరిశోధన చేపట్టి, 2000లో ఫలితాలు ప్రకటించింది. షాంగ్ పతనానికి 1046 అన్న తేదీ అలా స్థిరపడింది. పరీక్షల కోసం చదివేవారు ఈ తేదీలనే పట్టుకోవచ్చు, కాకపోతే 841కి ముందున్న ప్రతి తేదీకీ 'సుమారు' అని మనసులో చేర్చుకోవాలి.

చైనా నాగరికత పసుపు నది ఒడ్డునే పుట్టిందా?

పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ అలాగే చెబుతాయి కానీ అది సగం నిజమే. పసుపు నది లోయలో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తని మట్టిలో కొర్రలు, వరిగలు బాగా పండేవి. తొలి రాజధానులు అక్కడే వెలిశాయి. అయితే దక్షిణాన యాంగ్జీ నది లోయలో వరి పండించే సమాజాలు అంతకు ముందే ఎదిగాయి. నేటి హాంగ్‌ఝౌ దగ్గరి లియాంగ్‌ఝూలో క్రీ.పూ. 3300 నాటికే పట్టణం రూపుదిద్దుకుంది. అక్కడి జనం మట్టికట్టలతో ఆనకట్టలు కూడా కట్టుకున్నారు. సిచువాన్‌లోని సాన్‌షింగ్‌దుయ్‌లో 1986లో బయటపడిన కంచు ముఖాలు షాంగ్ కాలానివే అయినా షాంగ్ శైలికి ఏమాత్రం పోలికలేనివి. నది ఒక్కటే అనుకుంటే ఈ వైవిధ్యమంతా లెక్కలోకి రాదు.

## షియా కాలం

షియా వంశం నిజంగా ఉందా? పుక్కిటి పురాణమా?

హెనాన్ రాష్ట్రంలోని లువోయాంగ్ దగ్గర ఎర్లిటౌ అనే ఊరు ఉంది. 1959లో మొదలైన తవ్వకాల్లో అక్కడ రాజప్రాసాదాల పునాదులు, ఒకదాన్నొకటి అడ్డంగా కోసే వీధులు, కంచు పోత పనిశాలలు బయటపడ్డాయి. 2,000కు పైగా టర్కాయిస్ (నీలి-ఆకుపచ్చ రాయి) ముక్కలు పేర్చి చేసిన ఒక డ్రాగన్ కూడా దొరికింది. కాలం సుమారు క్రీ.పూ. 1750 నుంచి 1530 వరకు. ప్రదేశమూ కాలమూ షియా గురించిన సంప్రదాయానికి దగ్గరగానే ఉన్నాయి కాబట్టి చైనా పండితుల్లో ఎక్కువమంది ఎర్లిటౌ షియా రాజధానేనంటారు. ఎర్లిటౌలో 'షియా' అన్న పేరు ఉన్న రాత ఒక్కటీ దొరకలేదని బయటి పండితులు చాలామంది ఆగిపోతారు. నా అభిప్రాయం అడిగితే, ఆ పేరును పక్కన పెట్టినా అక్కడొక రాజ్యం ఉందన్నది కాదనలేని విషయం.

యూ మహారాజు వరదను అదుపు చేసిన కథలో నిజమెంత?

కథ ప్రకారం యూ తండ్రి గట్లు కట్టి వరదను ఆపబోయి విఫలమయ్యాడు. యూ మాత్రం కాలువలు తవ్వి నీటిని సముద్రంలోకి మళ్లించాడు. 13 ఏళ్ల శ్రమలో మూడుసార్లు తన ఇంటి ముందు నుంచే వెళ్లినా లోపల అడుగు పెట్టలేదట. ఈ కథ లిఖితరూపంలో మనకు దొరికేది ఝౌ కాలం నుంచే. పసుపు నది ఎగువన సుమారు క్రీ.పూ. 1920లో పెను వరద వచ్చిందని 2016లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది కానీ దాన్ని యూ కథతో ముడిపెట్టడాన్ని చాలామంది ఒప్పుకోలేదు.

## షాంగ్ కాలం

ఎముకల మీద రాశారంటారు. ఏమిటా రాతలు?

షాంగ్ రాజులు ఏ పని తలపెట్టినా పూర్వీకులను అడిగేవారు. వాన పడుతుందా, యుద్ధానికి వెళ్లవచ్చా, పంటి నొప్పికి ఏ పూర్వీకుడి ఆగ్రహం కారణం వంటి ప్రశ్నలవి. ఎద్దు భుజపు ఎముకనో తాబేలు పొట్టవైపు డిప్పనో తీసుకుని, వెనకవైపు చిన్న గుంటలు చేసి, అక్కడ నిప్పుతో కాల్చేవారు. ఎముక చిట్లి ముందువైపు పగులు వచ్చేది. ఆ పగులు తీరును బట్టి జవాబు చదివి, తేదీ, శకునగాడి పేరు, ప్రశ్న అన్నీ ఆ ఎముక మీదే చెక్కేవారు. ఒక్కోసారి తర్వాత ఏం జరిగిందో కూడా చేర్చేవారు.

రైతుల పొలాల్లో దొరికిన ఈ ఎముకలను 'డ్రాగన్ ఎముకలు' అని మందుల దుకాణాల్లో అమ్మేవారు, పొడి చేసి మింగేవారు. 1899లో వాంగ్ యీరోంగ్ అనే అధికారి వాటి మీదున్నది ప్రాచీన లిపి అని గుర్తుపట్టాడు. వాటి జాడ పట్టుకుని వెళ్తే హెనాన్‌లోని ఆన్యాంగ్ తేలింది. 1928లో అక్కడ మొదలైన తవ్వకాల్లో షాంగ్ చివరి రాజధాని బయటపడింది. ఇప్పటివరకు దాదాపు 1,50,000 ముక్కలు దొరికాయి. వాటి మీదున్న సుమారు 4,500 అక్షరాల్లో మూడో వంతుకు మాత్రమే అర్థం తేలింది. నేటి చైనా లిపి వీటి వారసత్వమే. 3,200 ఏళ్లుగా తెగిపోకుండా సాగుతున్న రాత ప్రపంచంలో మరోటి లేదు.

ఫూ హావో ఎవరు? రాణి సేనాధిపతిగా ఉండటం నిజమేనా?

నిజమే. ఆమె వూ దింగ్ రాజు భార్యల్లో ఒకరు, కాలం సుమారు క్రీ.పూ. 1200. ఆమె 13,000 మందితో దండెత్తిన ప్రస్తావన ఎముకల మీదే ఉంది. 1976లో ఝెంగ్ ఝెన్‌షియాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త నాయకత్వంలో ఆమె సమాధి బయటపడింది. దొంగల చేయి పడని షాంగ్ రాజకుటుంబ సమాధి అదొక్కటే. అందులో 468 కంచు వస్తువులు, 755 పచ్చరాతి వస్తువులు, వేలకొద్దీ గవ్వలు ఉన్నాయి. యుద్ధాధికారానికి గుర్తయిన పెద్ద గండ్రగొడ్డళ్లు కూడా ఉన్నాయి.

అయినా నన్ను కదిలించేది ఒక తాబేలు డిప్ప మీది రాత. ఆమె కాన్పు ఎలా ఉంటుందని శకునం అడిగారు. దింగ్ రోజునైతే మంచిది, గెంగ్ రోజునైతే మహాశుభం అని రాజు చెప్పాడు. తర్వాత చేర్చిన వాక్యం ఇది: 31 రోజుల తర్వాత, జియాయిన్ రోజున ప్రసవించింది, మంచిది కాలేదు, ఆడపిల్ల. సేనలు నడిపిన స్త్రీ కన్న కూతురిని అదే రాజ్యం 'మంచిది కాలేదు' అని రాసుకుంది. రాజు ఆశించినట్టు జరగకపోయినా ఆ రాతను చెరపలేదన్నదీ గమనించాలి.

అంత పెద్ద కంచు పాత్రలను ఆ రోజుల్లో ఎలా పోశారు?

మట్టి అచ్చులతో. ముందు బంకమట్టితో పాత్ర నమూనా చేసేవారు. దాని చుట్టూ మరో మట్టిపొర అదిమి, ముక్కలుగా కోసి తీసి, లోపలివైపు నగిషీ చెక్కి కాల్చేవారు. నమూనాను కాస్త చెక్కేస్తే అదే లోపలి దిమ్మె అయ్యేది. ముక్కలన్నీ మళ్లీ దాని చుట్టూ బిగించి, మధ్య ఖాళీలో కరిగిన కంచు పోసేవారు. పాత్ర బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే.

1939లో ఆన్యాంగ్‌లో దొరికిన హౌమూవూ అనే నాలుగు కాళ్ల పాత్ర బరువు 832 కిలోలు. అంత పోత పోయాలంటే ఒకేసారి అనేక మూసల్లో కంచు సిద్ధంగా ఉండాలి, గనుల నుంచి రాగి, తగరం చేరాలి, బొగ్గు కాల్చేవారు, మోసేవారు, మేస్త్రీలు ఒక్క మాట మీద నడవాలి. పాత్రను చూసి నగిషీ మెచ్చుకునేవారికి దాని వెనకున్న ఈ నిర్వహణ శక్తి కూడా కనిపించాలని నా కోరిక.

నరబలులు ఇచ్చేవారా?

అవును, పెద్ద సంఖ్యలో. ఆన్యాంగ్ సమాధుల చుట్టూ తల లేని అస్థిపంజరాలు వరుసగా దొరికాయి. ఎవరిని, ఎంతమందిని, ఏ పూర్వీకుడికి బలివ్వాలో ఎముకల రాతలే చెబుతాయి. యుద్ధంలో పట్టుబడిన పొరుగు జాతులవారే ఎక్కువగా బలయ్యారు. షాంగ్ ఘనతలు రాసే ఏ వ్యాసమైనా దీన్ని దాటవేయకూడదు.

## ఝౌ కాలం

'దైవాదేశం' సిద్ధాంతం అంటే ఏమిటి?

క్రీ.పూ. 1046లో ముయే యుద్ధంలో ఝౌ రాజు వూ షాంగ్ సేనను ఓడించాడు. 1976లో షాన్‌షీ రాష్ట్రంలో దొరికిన ఒక కంచు పాత్ర మీద ఆ గెలుపు ప్రస్తావన ఉంది. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే రాయించిన శాసనమది. గెలవడం ఒక ఎత్తు, ఆ గెలుపును న్యాయమని ఒప్పించడం మరో ఎత్తు. ఆకాశం ధర్మాత్ముడికి పాలించే ఆదేశం ఇస్తుంది, రాజు అధర్మంగా నడిస్తే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుని మరొకరికి ఇస్తుంది అని ఝౌ వారు ప్రకటించారు.

ఇందులో పెద్ద చిక్కు ఉంది. అదే వాదన రేపు తమ మీదికీ తిరుగుతుంది. అయినా ఆ తర్వాత వచ్చిన ప్రతి వంశమూ దీన్నే ఆసరా చేసుకుంది. వరదలు, కరవులు వస్తే చక్రవర్తి తన తప్పులను బహిరంగంగా ఒప్పుకోవాల్సిన ఆచారం దీంతోనే బలపడింది.

ఝౌ దాదాపు 800 ఏళ్లు పాలించిందంటారు. మరి రాజులు బలహీనులంటారేం?

రెండూ నిజమే. గెలిచిన నేలను ఝౌ రాజులు తమ్ముళ్లకు, బంధువులకు, మిత్రులకు పంచిపెట్టారు. మొదటి రెండు మూడు తరాలు బంధుత్వం పనిచేసింది. తరాలు గడిచేకొద్దీ తమ్ముళ్ల వారసులు పరాయివారయ్యారు. క్రీ.పూ. 771లో రాజధాని శత్రువుల చేతికి చిక్కింది, రాజు హతుడయ్యాడు. మరుసటి ఏడాది రాజధాని తూర్పున లువోయాంగ్‌కు మారింది. అక్కడి నుంచి ఝౌ రాజుకు మిగిలింది పూజలు చేసే గౌరవమే.

యుద్ధాలతో అట్టుడుకుతున్న కాలంలో అంతమంది తాత్వికులు ఎలా పుట్టారు?

యుద్ధాల వల్లే అనాలి. రాజ్యాలు ఒకదాన్నొకటి మింగేస్తుంటే ప్రతి పాలకుడికీ సలహాదారులు కావలసి వచ్చారు. పుట్టుకకన్నా తెలివికి విలువ పెరిగింది. కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) రాజ్యం తర్వాత రాజ్యం తిరిగింది అందుకే. ఆయన మర్యాద, మానవత్వం అన్నాడు. మోజీ అందరినీ సమానంగా ప్రేమించమన్నాడు. హాన్ ఫెయ్ మనుషుల మంచితనాన్ని నమ్ముకోకుండా చట్టాన్ని నమ్మమన్నాడు. అందరూ జవాబు వెతికింది ఒకే ప్రశ్నకు: ఈ అరాచకం ఆగేదెలా?

ఆ కాలంలో కట్టినవి ఇప్పటికీ ఏమైనా మిగిలాయా?

సిచువాన్‌లోని దూజియాంగ్యాన్ ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. సుమారు క్రీ.పూ. 256లో ఛిన్ అధికారి లీ బింగ్ దీన్ని కట్టించాడు. అడ్డంగా ఆనకట్ట లేదు. మిన్ నది మధ్యలో చేప నోటి ఆకారంలో ఒక గట్టు కట్టి ప్రవాహాన్ని రెండుగా చీల్చారు. ఒక పాయ నదిగానే సాగుతుంది, మరో పాయ కొండను తొలిచిన ఇరుకు దారి గుండా చెంగ్డూ మైదానానికి మళ్లుతుంది. ఏటా పూడిక తీస్తే చాలు.

సంగీతం వైపు చూస్తే, 1978లో హూబెయ్ రాష్ట్రంలో జెంగ్ రాజ్యపు యీ ప్రభువు సమాధిలో 65 కంచు గంటలు బయటపడ్డాయి. కాలం సుమారు క్రీ.పూ. 433. ఒక్కో గంట కొట్టే చోటును బట్టి రెండు వేర్వేరు స్వరాలు పలుకుతుంది, ఆ స్వరాల పేర్లు గంటల మీదే రాసి ఉన్నాయి.

## ఛిన్ కాలం

పడమటి అంచున ఉన్న ఛిన్ మిగతావారిని ఎలా గెలిచింది?

క్రీ.పూ. 356 నుంచి ఛిన్ మంత్రి షాంగ్ యాంగ్ తెచ్చిన సంస్కరణలే దీనికి మూలం. వంశపారంపర్య హోదాలను తగ్గించి, యుద్ధంలో తెచ్చిన శత్రువుల తలల లెక్కన హోదా ఇచ్చాడు. కుటుంబాలను అయిదేసి, పదేసి చొప్పున కట్టగట్టి, ఒకరి తప్పుకు అందరినీ బాధ్యులను చేశాడు. పంట బాగా పండించినవారికి వెట్టి నుంచి మినహాయింపు ఉండేది. అండగా నిలిచిన రాజు చనిపోగానే 338లో ప్రభువర్గం ఆయన్ను చంపించింది, చట్టాలను మాత్రం వదులుకోలేదు. క్రీ.పూ. 230 నుంచి 221 లోపు పోటీలో మిగిలిన ఆరు రాజ్యాలూ ఒక్కొక్కటిగా కూలిపోయాయి.

ఛిన్ షీ హువాంగ్ సాధించినవాటిలో ముఖ్యమైనవి ఏవి?

ఛిన్ షీ హువాంగ్ అంటే రాజ్యాలన్నిటినీ గెలిచి ఏకం చేసిన తొలి చక్రవర్తి. దేశాన్ని 36 మండలాలుగా విభజించి, బంధువులకు కాకుండా తాను నియమించిన, తాను తొలగించగల అధికారులకు అప్పగించాడు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. తూనికలు, కొలతలు ఒకటి చేశాడు. మధ్యలో చదరపు రంధ్రమున్న గుండ్రని నాణేన్ని దేశమంతటా నడిపించాడు. బండి ఇరుసుల వెడల్పు ఒకటే ఉండాలన్నాడు, మట్టిబాటల్లో బండ్ల గాడి కలవడానికి. మంత్రి లీ సీ ఆధ్వర్యంలో లిపి ఏకరూపమైంది. మాట్లాడితే ఒకరికొకరు అర్థం కాని ప్రాంతాలు కూడా ఒకే ఉత్తర్వును చదవగలిగాయి.

మనం ఫొటోల్లో చూసే మహాకుడ్యం కట్టించింది ఈయనేనా?

కాదు. ఫొటోల్లో కనిపించే రాయి, ఇటుక గోడ ఎక్కువగా మింగ్ వంశం (1368–1644) కట్టించినది. ఛిన్ కాలంలో సేనాని మెంగ్ తియన్ ఉత్తర రాజ్యాల పాత గోడలను కలిపి పొడిగించాడు. అవి చాలాచోట్ల మట్టిని పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టి గట్టిపరచిన గోడలు. నేడు అక్కడక్కడ మట్టిదిబ్బల్లా మిగిలాయి.

పుస్తకాలు తగలబెట్టి పండితులను సజీవంగా పాతిపెట్టించాడా?

క్రీ.పూ. 213లో పుస్తకాల దహనానికి ఆజ్ఞ వెలువడింది. వైద్యం, జ్యోతిషం, వ్యవసాయం మీది పుస్తకాలను మినహాయించారు, నిషేధించిన వాటి ప్రతులు కొన్ని ఆస్థానంలో ఉంచారు. మరుసటి ఏడాది 460 మందిని చంపించాడని సీమా ఛియన్ రాశాడు. ఆయన రాసింది వందేళ్ల తర్వాత, ఛిన్‌ను కూలదోసిన వంశపు కొలువులో ఉండి. అందుకే ఆ ఉదంతపు వివరాలను చాలామంది చరిత్రకారులు అనుమానిస్తారు. క్రీ.పూ. 206లో తిరుగుబాటు సేనాని షియాంగ్ యూ రాజధానికి నిప్పు పెట్టినప్పుడు ఆస్థానంలో దాచిన ప్రతులు కూడా కాలిపోయాయి.

మట్టి సైన్యం ఎలా దొరికింది?

ఛిన్ షీ హువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన ఈ సైన్యం 1974 మార్చిలో షియాన్ దగ్గర రైతులు బావి తవ్వుతుంటే బయటపడింది. మొత్తం 8,000 దాకా బొమ్మలు ఉంటాయని అంచనా. కాళ్లు, మొండెం, చేతులు విడివిడిగా చేసి అతికించి, ముఖాలకు చేత్తో మెరుగులు దిద్దారు. ఒకప్పుడు వీటికి రంగులు ఉండేవి, గాలి తగిలితే నిమిషాల్లోనే పెచ్చులూడిపోతాయి. కొన్ని బొమ్మల మీద మేస్త్రీల పేర్లు చెక్కి ఉన్నాయి, పనిలో లోపముంటే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి. చక్రవర్తి అసలు సమాధిని ఇంతవరకు తెరవలేదు.

ఛిన్ చట్టాలు అంత క్రూరమైనవా?

కఠినమైనవే, అయితే మనం ఊహించేంత గుడ్డివి కావు. 1975లో హూబెయ్‌లోని షుయ్‌హూదిలో ఒక చిన్న అధికారి సమాధి తెరిస్తే, 1,100కు పైగా వెదురు పలకలు ఆయన అస్థికల చుట్టూ దొరికాయి. వాటిలో ఉన్నవి చాలావరకు చట్టాలే. ప్రభుత్వ ఎద్దులను ఏడాదికి నాలుగుసార్లు పరీక్షించాలి. దున్నకంలో ఎద్దు నడుము చుట్టుకొలత తగ్గితే, తగ్గిన ప్రతి అంగుళానికీ దాన్ని చూసుకునే మనిషికి పది బెత్తం దెబ్బలు. వెట్టిపనికి కొద్ది రోజులు ఆలస్యమైతే మందలింపు, ఇంకా ఆలస్యమైతే జరిమానా, వాన అడ్డుపడితే మాఫీ.

అదే శ్మశానంలోని మరో సమాధిలో ఇద్దరు అన్నదమ్ములు యుద్ధరంగం నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు దొరికాయి. డబ్బు పంపమని, అమ్మను బట్టలు పంపమనమని అడిగారు. సామ్రాజ్యాన్ని గెలిచిన సైన్యం ఇలాంటి కుర్రాళ్లదే.

అంత బలమైన సామ్రాజ్యం 15 ఏళ్లకే ఎందుకు కూలింది?

జనం మోయలేని బరువు ఒక్కసారిగా మీద పడింది. గోడలు, రహదారులు, సమాధి, దక్షిణాన యుద్ధాలు అన్నీ వెట్టిచాకిరీతోనే సాగాయి. క్రీ.పూ. 210లో చక్రవర్తి పోయాక వారసత్వంలో కుట్ర జరిగింది, పెద్దకొడుకును చావమని దొంగ ఉత్తర్వు పంపారు. 209లో చెన్ షెంగ్ తిరుగుబాటుతో అన్ని పాత రాజ్యాలూ లేచాయి. వానకు ఆలస్యమై, మరణశిక్ష తప్పదని ఆయన తిరగబడ్డాడని సీమా ఛియన్ కథనం. తవ్వకాల్లో దొరికిన ఛిన్ చట్టం వెట్టిపనివారికి వానను మన్నించింది. సైనిక పిలుపుకు వేరే నియమం ఉండేదా అన్నదాని మీద పండితుల వాదన సాగుతోంది.

## హాన్ కాలం

హాన్ స్థాపకుడు రైతుబిడ్డ అంటారు, నిజమేనా?

నిజమే. లియూ బాంగ్ సామాన్య కుటుంబంలో పుట్టి, ఛిన్ పాలనలో చిన్న ఠాణా అధికారిగా పనిచేశాడు. క్రీ.పూ. 202లో గాయ్‌షియా దగ్గర షియాంగ్ యూను ఓడించి చక్రవర్తి అయ్యాడు. పైకి ఛిన్‌ను తిట్టినా ఛిన్ పాలనాయంత్రాన్ని చాలావరకు అలాగే ఉంచుకున్నాడు, శిక్షలు, పన్నులు తగ్గించాడు. హాన్ 400 ఏళ్లు నిలవడానికి పునాది ఈ విజ్ఞతే.

ఉద్యోగాలకు పరీక్షలు పెట్టింది హాన్ వారేనా?

బీజం వారిదే, పూర్తి వ్యవస్థ కాదు. క్రీ.పూ. 124లో వూ చక్రవర్తి రాజధానిలో 50 మంది విద్యార్థులతో విద్యాపీఠం నెలకొల్పాడు. కన్ఫ్యూషియన్ గ్రంథాలు చదివి పరీక్షలో నెగ్గినవారికి కొలువు దక్కేది. అయితే ఎక్కువ నియామకాలు స్థానిక అధికారుల సిఫారసుతోనే జరిగేవి. అందరికీ తెలిసిన పోటీ పరీక్షల పద్ధతి సుయ్ వంశం (క్రీ.శ. 581–618) నుంచి మొదలైంది.

పట్టుదారి ఎలా తెరుచుకుంది? భారతదేశం ప్రస్తావన ఉందా?

ఉత్తరాన హూణజాతివారిగా కొందరు భావించే షియోంగ్నూలతో పోరుకు మిత్రులను వెతకమని వూ చక్రవర్తి క్రీ.పూ. 138లో ఝాంగ్ ఛియన్‌ను పంపాడు. ఆయన షియోంగ్నూలకే పట్టుబడి పదేళ్లు బందీగా ఉన్నాడు, అక్కడే పెళ్లయింది. తప్పించుకుని మధ్య ఆసియా దాకా వెళ్లాడు. వందమందితో బయలుదేరిన బృందంలో తిరిగి వచ్చింది ఆయనా, ఆయన వెంట ఉన్న గాన్‌ఫూ మాత్రమే. మిత్రులు దొరకలేదు కానీ పడమటి దేశాల సమాచారం దొరికింది.

బాక్ట్రియా (నేటి అఫ్ఘానిస్థాన్ ప్రాంతం) అంగడిలో సిచువాన్ వెదురు కర్రలు, బట్టలు చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఎక్కడివని అడిగితే 'షెన్‌దూ' నుంచి, అంటే భారతదేశం నుంచి కొన్నామని వర్తకులు చెప్పారు. నైరుతి నుంచి భారతదేశానికి దారి ఉండాలని ఆయన ఊహించాడు. ఆ దారి కోసం వూ పంపిన బృందాలను యునాన్ కొండజాతులు ఆపేశాయి.

కాగితాన్ని కనిపెట్టింది త్సాయ్ లున్ కాదంటున్నారు?

ఆస్థాన అధికారి త్సాయ్ లున్ క్రీ.శ. 105లో చెట్ల బెరడు, జనపనార, పాత గుడ్డలు, చేపల వలలతో చేసిన కాగితాన్ని చక్రవర్తికి సమర్పించాడు. గాన్సూలోని ఫాంగ్మాతాన్‌లో దొరికిన కాగితపు ముక్క అంతకన్నా దాదాపు 250 ఏళ్లు పాతది. కాబట్టి ఆయన ఆద్యుడు కాడు. చవకగా, రాయడానికి వీలుగా దాన్ని తీర్చిదిద్దిన ఘనత మాత్రం ఆయనదే.

హాన్ కాలపు జీవితం ఎలా ఉండేదో చూపించే ఆనవాళ్లు ఉన్నాయా?

1972లో చాంగ్షాలోని మావాంగ్‌దుయ్‌లో ఒక ప్రభువు భార్య సమాధి తెరిచారు. రెండు వేల ఏళ్లు దాటినా ఆమె చర్మం మెత్తగా ఉంది, కీళ్లు వంగుతున్నాయి. కడుపులో కర్బూజ గింజలు దొరికాయి. సమాధిలోని ఒక పట్టు అంగీ బరువు 49 గ్రాములు.

ఆ సమయంలో మన దగ్గర ఎవరు పాలించేవారు?

షీ హువాంగ్ బాలుడిగా ఛిన్ గద్దె ఎక్కిన క్రీ.పూ. 246లో ఇక్కడ అశోకుడి పాలన సాగుతోంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని శాసనాలు ఆ అశోకుడివే. హాన్ కాలంలో దక్కన్‌లో శాతవాహనులు వెలిగారు. ఇద్దరి పాలనా క్రీ.శ. మూడో శతాబ్ది తొలి దశాబ్దాల్లోనే ముగిసింది.

హాన్ చివరికి ఎలా అంతమైంది?

రెండో శతాబ్దిలో పసివాళ్లు చక్రవర్తులయ్యారు. వారి తరఫున రాణుల పుట్టింటివారు, అంతఃపుర నపుంసక అధికారులు అధికారం కోసం కొట్టుకున్నారు. భూములు పోగొట్టుకున్న రైతులు 184లో పసుపు తలపాగాల తిరుగుబాటు లేవదీశారు. దాన్ని అణచడానికి సైన్యాలు పెంచుకున్న సేనానులు తిరిగి ఆ సైన్యాలను వదులుకోలేదు. 190లో లువోయాంగ్‌ను తగలబెట్టారు. 220లో ఆ సేనానుల్లో ఒకరి కొడుకైన త్సావో పీ చివరి చక్రవర్తి షియన్ చేత గద్దె దింపించి తాను ఎక్కాడు. షియన్‌ను చంపలేదు. షాన్‌యాంగ్ ప్రభువు హోదాతో ఆయన 234 దాకా బతికాడు.